అత్తగారి కొట్టం మీద తోడికోడలి పలక

ఏప్రిల్ 6, సోమవారం

నిన్న ఈస్టర్ భోజనాల దగ్గర అత్తయ్య ఉన్నట్టుండి నోరు విప్పింది. మా ఆయన ఎస్టిల్ పంది తొడ మాంసం కోస్తున్నాడు. పిల్లలు దాచిపెట్టిన ఈస్టర్ రంగు గుడ్ల కోసం పెరడంతా తొక్కేస్తున్నారు. ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, "మన పొగాకు కొట్టానికి కూడా ఒక బొంత పలక పెట్టిద్దాం. మా అమ్మ కుట్టిన బొంతలోదే, ఎలుగుబంటి పాదం డిజైను" అంది.

పన్నెండేళ్లుగా ఆ మాట కోసం కాచుక్కూర్చున్నాను. పాత బొంతల మీది డిజైన్లు పెద్ద చెక్కల మీద రంగులతో గీసి కొట్టాలకి బిగించడం మా వైపు వాడుక. ఈ కౌంటీ రోడ్ల పక్కన కొట్టాల మీద మెరుస్తున్న బొంత పలకల్లో నలభై ఒకటి నా చేతివి. వరండాల్లో తగిలించుకునే రెండడుగులవి ఎన్ని చేశానో లెక్కే లేదు. పక్క కౌంటీల వాళ్ళు కూడా వచ్చి గీయించుకుపోతారు. మా అత్తగారి కొట్టం మాత్రం ఇన్నాళ్ళూ బోసిగానే ఉండిపోయింది. ఆవిడ అడగనిదే నేనెలా పెడతాను?

చేతులు తుడుచుకుంటూ "ఎప్పటికి కావాలత్తయ్యా?" అన్నాను.

"నిన్ను కాదే నెడ్రా. ట్వైలా గీస్తుందిలే" అంది. అని, చిలగడదుంపల గిన్నె ఇటు జరపమంది.

ట్వైలా అంటే నా తోడికోడలు, మరిది డ్వైట్ పెళ్ళాం. ఆరేళ్ళ కిందట ఈ వంటింటి బల్ల మీదే దానికి ఈ పని నేర్పింది నేను. టేపు ఎలా అంటించాలో చెప్పింది నేను. టేపు అంచు మీద ముందు కింది రంగే ఒక పూత వేస్తే పై రంగు లోపలికి పాకదని చెప్పింది నేను. పూత ఆరకముందే టేపు లాగెయ్యాలని చెప్పింది నేను. అంతకుముందు అది గోడకి సున్నం కూడా వేసి ఎరగదు.

అదేమో మొహం కందగడ్డలా చేసుకుని, "అక్కా, నేనడగలేదు, ఒట్టు" అంది.

"అడిగితే మాత్రం తప్పేముందమ్మా" అన్నాను. నవ్వాను కూడా. దవడలు ఇప్పటికీ నొప్పిగా ఉన్నాయి.

కార్లో ఎస్టిల్ అంటాడూ, "ఎవరు గీస్తే ఏంటి? పలకేగా."

"అయితే నీ ట్రాక్టరు డ్వైట్‌కి ఇచ్చెయ్. ట్రాక్టరేగా" అన్నాను.

ఏప్రిల్ 7

నాకేం కుళ్ళు కాదు. పద్ధతి గురించి బాధ, అంతే.

ఏప్రిల్ 14

ట్వైలా వచ్చింది, నా ఎనిమిదడుగుల ఇనప బద్ద కావాలట, గీతలు గీసుకోవడానికి. చేత్తో పుల్లటి రేవల్చిని కాడలు పెట్టి కాల్చిన తీపి రొట్టె పట్టుకొచ్చింది. లంచం అన్నమాట. బద్ద ఇచ్చాను. రొట్టె బావుంది, అది వేరే సంగతి. సగం ఎస్టిల్ రాకముందే నేనే తినేశాను.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "అక్కా, నువ్వే గియ్యి, నేను పక్కనుండి సాయం చేస్తాను. అత్తయ్యతో నే చెప్తా" అంది.

"వద్దమ్మా. ఆవిడ నోటితో నీ పేరే వచ్చింది."

అది ఏదో చెప్పబోయి, బద్ద భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది. గొప్పలు చెప్పుకోబోయి మానుకుందని నా అనుమానం.

ఏప్రిల్ 22, బుధవారం

ఉండబట్టలేక అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. రంగుల చీటీలు కూడా పట్టుకెళ్ళాను. మంచం మీద ఆ పాత బొంత పరిచి పక్కన ఒక్కో చీటీ పెట్టి చూపించాను. వెలిసిన నీలం, మీగడ తెలుపు, ఎండిన గోధుమ. ఆ బొంత కుట్టిన పశువుల మేత సంచుల గుడ్డలు ఎనభై ఏళ్ళు ఉతికితే వచ్చిన రంగులు, అచ్చం అవే. ఆ రంగులు పట్టడం ఈ చుట్టుపక్కల ఇంకెవరికి వచ్చు?

"బావున్నాయి" అంది ఆవిడ, బీరువా వైపు చూస్తూ. చీటీల వంక చూస్తే ఒట్టు.

"నా పనిలో ఏం లోపం కనబడిందత్తయ్యా?"

"లోపమేం లేదే. నాకు ట్వైలా రంగులు ఇష్టం, అంతే."

"అది నారింజ, నలుపు వేస్తుంది. అమ్మమ్మగారి బొంతలో నారింజ ఎక్కడుంది?"

"మా అమ్మ పోయి యాభై ఏళ్ళయింది. ఆవిడేం అనుకోదులే."

ఎనభై ఎనిమిదేళ్ళు వచ్చినా మాటకు మాట తగ్గదు.

భోజనానికి ఉండమంది. ఈవిడకి ఈమధ్య దేని మీదా శ్రద్ధ లేదు. ఉడకబెట్టిన చిక్కుడు గింజల్లో రెండు రాళ్ళు నా పంటికి తగిలాయి. ఒకప్పుడు ఆవిడ ఏరితే దుమ్ము రేణువు దొరికేది కాదు. కాఫీ పోస్తూ నా కప్పులో వేలు పెట్టింది! మనసులో నా మీద ఆ మాత్రం గౌరవం కూడా లేదన్నమాట. ట్వైలా కప్పులో అయితే పెట్టేదా?

మే 2

చెయ్యాల్సినవి మూడు పలకలున్నాయి. ఒక్కటీ ముట్టుకోలేదు. టేపు తీసి మళ్ళీ పెట్టేశాను. వాన.

మే 9, శనివారం

చూడమని ట్వైలా పిలిచింది. "నువ్వు చూసి బాగుందంటే గాని నాకు నిద్ర పట్టదక్కా" అంది ఫోన్లో. వెళ్ళాను.

డ్వైట్ షెడ్డులో, వడ్రంగి చెక్క స్టాండ్ల మీద పలక వెల్లకిలా పడుకోబెట్టి ఉంది. రెండు ప్లైవుడ్ షీట్లు కలిపి ఎనిమిదడుగుల చదరం. నల్లటి నేల మీద నాలుగు పాదాలు, మండే నారింజ రంగు. గోళ్ళేమో నిమ్మపండు పసుపు. సర్కస్ గుడారం ముందు కట్టుకోవచ్చు. గీతలు మాత్రం, సరే, సూటిగానే ఉన్నాయి. ఒక్కచోట పసుపు చిటికెనవేలు గోరంత పాకింది. నేను దాని దగ్గరే నిలబడి చాలాసేపు చూశాను.

తర్వాత చుట్టూ తిరిగి చూస్తే అంచులు కనబడ్డాయి. ఉత్త చెక్క. నాలుగు వైపులా, మధ్యలో రెండు షీట్లు కలిసేచోట కూడా, ప్రైమర్ చుక్క తగల్లేదు. ముందూ వెనకా దిట్టంగా మూడేసి పూతలు పూసింది, అంచులు వదిలేసింది! ప్లైవుడ్ నీళ్ళు తాగేది అంచుల్లోంచేగా. రెండు వానలు గట్టిగా కురిస్తే పొరలు ఉబ్బుతాయి, చలికాలంలో ఆ నీళ్ళు గడ్డకట్టి పొరకి పొర విడదీస్తాయి. మరుసటి వసంతానికి రంగు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది.

"ఏమైనా తేడా ఉంటే ఇప్పుడే చెప్పక్కా. ఎక్కించాక ఏం చెయ్యలేం" అంది పక్కన నిలబడి, చేతులు నలుపుకుంటూ.

"బాగుందే" అన్నాను.

"నిజంగా?"

"బాగుందన్నానుగా."

నా మెడ పట్టుకుని వాటేసుకుంది. దాని జుట్టంతా టర్పెంటైన్ వాసన.

మే 10, ఆదివారం

నేర్పినప్పుడు అంచుల సంగతి చెప్పే ఉంటాను. అందరికీ చెప్తాను. వినకపోతే నా తప్పా?

మే 13

నిజానికి ఒక చిన్న గీత పాకడం గురించి కూడా నేను ఏమీ అనలేదు. మంచితనమే చూపించాను. ఎదిగిన ఆడది, ఎవరి పని వాళ్ళు చూసుకోవాలి. ఇంతకీ అది వేసింది బయట గోడలకి వాడే మంచి రంగే. ఏళ్ళ తరబడి ఉంటుందేమో, ఎవరికి తెలుసు.

మే 15

అంచుల సంగతి చెప్పలేదు. ఇవాళ గుర్తొచ్చింది. దానికి నేర్పిన రోజు నేను పలకలు ముందే కోసి, అంచులు పూసి ఆరబెట్టి ఉంచుకున్నాను, పని త్వరగా అవుతుందని. అది వచ్చేసరికి బల్ల మీద తయారుగా ఉన్నాయి. ఆ తర్వాత అది సొంతంగా చేసినవన్నీ వరండాల్లో నీడన ఉండేవే.

పలక ఎక్కించడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. చెప్పొచ్చు.

మే 24, ఆదివారం

సమాధులకు పూలు పెట్టే రోజు. చుట్టాలందరూ దిగారు. మావయ్య సమాధి మీద నేను పియోనీ పూలు పెట్టాను. చర్చి పక్క గడ్డిలో భోజనాలయ్యాక అందరూ కార్లేసుకుని అత్తయ్య ఇంటికొచ్చారు. కరెంటువాళ్ళ బుట్ట లారీని డ్వైట్ ఎవర్నో బతిమాలి తెప్పించాడు. పలకని తాళ్ళతో లేపి, కొట్టం ముందు గోడకి, సరిగ్గా వంటింటి కిటికీకి ఎదురుగా బిగించారు.

అత్తయ్య బయటికి రాలేదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. పలక నిలబడగానే చప్పట్లు కొట్టింది. "కనిపిస్తోందే! ట్వైలా, కనిపిస్తోంది! నాలుగు పాదాలూ!" అని ఒకటే అరుపు. కనిపించక ఏం చేస్తుంది, మూడు మైళ్ళ నుంచి కనిపిస్తుంది ఆ నారింజ.

మా ఆడబిడ్డ బ్యూనా నా పక్కన నిలబడి, "నువ్వు గీసిందా నెడ్రా?" అంది.

"కాదు."

"నేనూ అదే అనుకున్నా. ఇది ఎంత హుషారుగా ఉందో!"

కారం పూసిన గుడ్లు తెచ్చానని మరిచిపోయి, మొత్తం కార్లోనే వదిలేశాను. పారబొయ్యాల్సొచ్చింది.

జూన్ 5

నాలుగు రోజుల్నుంచి వాన పడుతూనే ఉంది.

జూన్ 13, శనివారం

రాయాలి.

ట్వైలా ఊళ్ళో పనుండి అత్తయ్యని మా ఇంట్లో దింపి వెళ్ళింది. వరండాలో, గోడకి ఆనించి నాలుగడుగుల పలక ఒకటి పెట్టాను. నిన్ననే పూర్తయింది. ఇన్నేళ్ళలో నేను చేసినవాటిలో ఇదే నంబర్ వన్ అనుకున్నాను. బూడిద నీలం, గోధుమ, మీగడ తెలుపు, పదహారు మొనల నక్షత్రం. అత్తయ్య చూస్తుందనే అక్కడ పెట్టాను. ఎందుకు దాచుకోవాలి.

ఆవిడ మెట్లెక్కి దాని ముందు ఆగింది. తల కాస్త పక్కకి తిప్పి చూసింది. "ప్రైమర్ కొట్టి అలా వదిలేశావేం? తెల్ల చెక్క అలా ఎన్నాళ్ళుంచుతావు, గియ్యవా?" అంది.

ఎగతాళి అనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది. "ఏంటత్తయ్యా, అంత కానిదైపోయిందా నా పని?" అని గట్టిగానే అన్నాను.

ఆవిడ మొహం చూశాక అర్థమైంది. చెయ్యి చాచి చెక్కని తడిమింది. వేళ్ళు గీతల మీద ఆగాయి, టేపు తీసినచోట రంగు కాస్త లేస్తుందిగా, అక్కడ. "గీశావా?" అంది చిన్నగా.

కూర్చోబెట్టాను. కంటి మధ్యలో చూపు పోతోందట. చలికాలం నుంచీ. పక్కలు మసగ్గా తెలుస్తాయి, రంగులన్నీ బట్టల సబ్బు నీళ్ళలా ఒకటే అయిపోయాయి. కొట్టొచ్చినట్టుండే రంగు, పెద్దదైతే, ఆ ఆకారం తెలుస్తుందట. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నది ట్వైలా. దానికి ఒక్కదానికే తెలుసు.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ కడుపులో మాట ఆగుతుందా? ఎస్టిల్‌కి చెప్తావు. వాడు డ్వైట్‌ని వెంటేసుకొచ్చి నన్ను పట్నంలో ముసలాళ్ళ ఇంట్లో పడేస్తాడు. కిటికీలోంచి నా కొట్టం ఎక్కడుందో తెలిస్తే చాలు నాకు. కొట్టం తెలిస్తే బావి ఎటో తెలుస్తుంది, కోళ్ళ గూడు ఎటో తెలుస్తుంది. ఆ పలకని బట్టే పొద్దున లేచి తిరుగుతున్నా."

నేను లోపలికెళ్ళి గ్లాసు నీళ్ళు తాగి వచ్చాను.

జూన్ 14, ఆదివారం

చర్చి నుంచి వస్తూ కొట్టం దగ్గర ఆగాను. ఎస్టిల్‌ని కార్లోనే ఉండమన్నాను. నిచ్చెనేసుకుని ఎక్కాను. కింది అంచు పొడుగునా ఉబ్బింది. వేలితో నొక్కితే మెత్తగా ఉంది. ఎడమ చేతివైపు పాదం గోరు దగ్గర పసుపు రంగు బొబ్బెక్కింది. కింద నిలబడి చూస్తే ఇంకా ఏం తెలీదు.

"ఏం చేస్తున్నావ్ అక్కడ?" అన్నాడు ఎస్టిల్.

"కందిరీగల తుట్టె ఉందేమోనని."

జూన్ 16

చెప్పాలి.

జూన్ 17

ఫోన్ చేశాను. డ్వైట్ ఎత్తాడు. టమాటా మొక్కల గురించి మాట్లాడి పెట్టేశాను.

జూన్ 18, గురువారం

ట్వైలా వరండాలో కూర్చుని చిక్కుళ్ళు తుంచుతోంది. నేనూ ఒక గిన్నె తీసుకుని కూర్చున్నాను. సగం బుట్ట తుంచాం.

"ఆ పలక దించాలి" అన్నాను.

"ఏ పలక?"

"కొట్టం మీది. అంచులకి ప్రైమర్ లేదు. నీళ్ళు తాగుతోంది."

చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుంది. "అంచులకి కూడా వెయ్యాలా? అయ్యో, నాకు తెలీదక్కా! ఎప్పుడు చూశావు?"

నిన్న అనొచ్చు. ఆదివారం అనొచ్చు, అది నిజం కూడా. నోటి చివరిదాకా వచ్చింది.

"మే తొమ్మిదిన" అన్నాను.

రోడ్డు మీద ఎవరిదో గడ్డి బండి పోయింది, అది కనుమరుగయ్యేదాకా ట్వైలా చూసింది. తర్వాత అంది, "ఆ రోజు నువ్వు వెళ్ళగానే అత్తయ్యకి ఫోన్ చేశాను. నెడ్రక్క చూసి బాగుందంది, ఇంక నాకు దిగుల్లేదు అని. ఆవిడేమందో తెలుసా? నెడ్రా బాగుందంటే వందేళ్ళుంటుంది అంది."

నేను ఇంకో చిక్కుడుకాయ తుంచాను.

"ఇంకేమైనా ఉంటే అది కూడా ఇప్పుడే చెప్పెయ్" అంది.

"రంగులు నాకు నచ్చలేదు."

"అది నాకు తెలుసు." నవ్వలేదు. గిన్నె తీసుకుని లోపలికెళ్ళిపోయింది. నేను తుంచిన చిక్కుళ్ళు నా దగ్గరే ఉండిపోయాయి. గుమ్మం దగ్గర పెట్టి వచ్చేశాను.

జూన్ 25

పలక దించారు. మా షెడ్డులో పెట్టించాను, ఫ్యాన్లు రెండు వేసి. ట్వైలా రోజూ వస్తోంది. పనికి కావాల్సినంతే మాట్లాడుతోంది. ఉబ్బిన చోట గోకి, ఆరబెట్టి, జిగురు ఎక్కించి బిగించాం. అంచులన్నీ సాన పట్టాను. ప్రైమర్ మూడు పూతలు, ఈసారి దాని చేత వేయించాను. పక్కనే నిలబడి చూశాను. పూతకీ పూతకీ మధ్య ఎంతసేపు ఆగాలో అడిగింది, చెప్పాను.

పలక ఏమైందని అత్తయ్య అడిగితే "గాలికి మరలు వదులయ్యాయి" అందట ట్వైలా. నా పేరు ఎత్తనే లేదు. నన్ను కాపాడింది. దానికి కూడా నాకు మండింది. మంచితనంలో కూడా నన్ను దాటి పోవాలా?

జూన్ 27

పొద్దున అత్తయ్య బావి వైపు వెళ్ళబోయి దారి తప్పి కంచె దాకా పోయిందట. ముళ్ళతీగ గీసుకుంది. చేతికి కట్టు. ఎదురుగా ఏ గుర్తూ లేక.

అది నా పనే. ఇంకెవరిదీ కాదు.

జూలై 4

ఎస్టిల్, డ్వైట్ కలిసి నిచ్చెనలూ కప్పీలూ పెట్టి పలక మళ్ళీ ఎక్కించారు. పాడైన గోరుకి పసుపు రంగు నేనే వేశాను. ట్వైలా డబ్బా నా చేతికిచ్చి, "నువ్వెయ్యి, నాకు అక్కడ పాకుతుంది" అంది. పదహారు రోజుల తర్వాత పనికి సంబంధం లేని మాట ఒకటి కూడా అంది. మక్కజొన్న ఈసారి పొట్టిగా ఉందని.

జూలై 7, మంగళవారం

ఇవాళ అత్తయ్య దగ్గరికి వెళ్ళి అంచుల సంగతి మొత్తం చెప్పాను. ట్వైలా చెప్పొద్దంది, అయినా చెప్పాను. ఆవిడ చేతికట్టు సర్దుకుంటూ విని, "మరలు కాదని తెలుసులే. ట్వైలాకి అబద్ధమాడటం రాదు" అంది. తిడుతుందేమోనని చూశాను. తిట్టలేదు. తిడితే బావుండేది.

ఆవిడ వంటింటి గుమ్మం పక్కన తగిలించడానికి చిన్న పలక ఒకటి చేద్దామని నా ఆలోచన. అడుగు చదరం చెక్కముక్కలకి తలో రంగూ వేసి తీసుకెళ్ళాను. పెరట్లో బట్టల తీగకి ఒక్కొక్కటే తగిలించి, కిటికీలోంచి అడిగాను.

"ఇది కనిపిస్తోందా?"

"లేదు."

"ఇది?"

"తీగకి ఏదైనా ఉందా అసలు?"

నా నీలం, నా గోధుమ, నా మీగడ తెలుపు. ఒక్కటీ లేదు. ఏడోది పసుపు, ట్వైలా డబ్బాలోది. "ఆఁ, అదీ! అదుందిగా" అంది. అదే చేస్తానన్నాను. పసుపూ నలుపూ.

లోపలికొచ్చి కూర్చున్నాను. ఆవిడ కిటికీ వైపే మొహం పెట్టి ఉంది.

"గీత మాత్రం నీదే గీత" అంది. "డాసన్ వాళ్ళ కొట్టం మీద ఉంది చూడు, మొదట్లో గీశావే. మీ మావయ్యని కారు ఆపమని ఒకటే పోరు పెట్టేదాన్ని. దిగి చూసేదాన్ని. కత్తితో కోసినట్టుండేది. అలాంటి చెయ్యి ఈ కౌంటీలో ఎవరికీ లేదు అనేదాన్ని ఆయనతో."

"నాతో ఎప్పుడూ అనలేదే!"

"చూస్తూ ఉండిపోయాను" అంది. "చెప్పడానికేముంది, రేపు మళ్ళీ చూస్తాంగా అనుకున్నా."

పొయ్యి మీద ఏదో మాడుతోందని చెప్పి లేచి పొయ్యి దగ్గరికి వచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదు. అత్తయ్యకి వాసన బాగానే తెలుస్తుంది. అయినా నన్ను పోనిచ్చింది.